తాకట్టు పెట్టిన కమ్మలు

పర్లాకిమిడి, ఒడిశా

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు కోపమే. పత్రికవాళ్ళు కథ మొదట్లో పేజీన్నర కోసేశారనీ, చివరి పేరా ఎత్తేశారనీ, "నా కథను నేనే గుర్తుపట్టలేకపోయాను మాస్టారూ" అనీ రాశావు. నీ కోపం కాస్త చల్లారాక చదువుకుంటావని జవాబు వారం ఆపాను. ఈలోగా నువ్వు పంపిన రాతప్రతినీ అచ్చయిన కథనూ పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను.

నీ మొదటి పేజీన్నరలో ఏముంది? వంశధార, ఇసుక, కొండ వెనక్కి దిగిపోతున్న సూర్యుడు, గూళ్ళకు చేరుతున్న కొంగలు, మళ్ళీ ఇసుక. ఇదంతా అయ్యాక, రెండో పేజీ మధ్యలో ఎక్కడో ఈ వాక్యం ఉంది: "అమ్మ చెవుల కమ్మలు విప్పి, కొంగున ముడేసుకుని, తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది." పడక్కుర్చీలో వాలి చదువుతున్నవాణ్ణి, అక్కడికొచ్చేసరికి లేచి కూచున్నాను. అచ్చులో నీ కథ ఆ వాక్యంతోనే మొదలైంది. ఆ కత్తెర ఎవరిదో గానీ చెయ్యి తిరిగినదే. కథలోకి దిగడానికి జంకినప్పుడు అందరం చేసే పనే నువ్వూ చేశావు, గట్టున కూచుని ఏరు ఎంత బాగుందో చెప్పావు. చివరి పేరా గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం. "పేదవాళ్ళ బతుకులు ఇంతే కదా" అని నువ్వు విడిగా చెప్పాలా?

అయితే రెండుచోట్ల వాళ్ళది తప్పు. పెద్దకూతుర్ని అమ్మ "ఒసే గుంటా" అని పిలిచినచోట "అమ్మాయీ" అని మార్చారు. పొరుగింటి ఒడియా మౌసీ "కాస్త పొఖాళొ తిని వెళ్ళు" అంటే దాన్ని చద్దన్నం చేశారు. గిన్నెలో ఉన్నది నీళ్ళు పోసిన అన్నమే, కాదనను. కానీ మీ ఇంట్లో అది చద్దన్నం, గోడ అవతల పొఖాళొ. ఆ గోడను నువ్వు ఒక్క మాటతో కట్టావు, వాళ్ళు ఒక్క మాటతో పడగొట్టారు. దూరాన ఉన్నవాళ్ళకు అది తెలిసే వీలు లేదు. అచ్చుకు ముందు చూసి దిద్దుకోవడానికి ప్రూఫు పంపమని నువ్వు అడిగి ఉండాల్సింది, పంపాక "ఈ రెండు మాటలు ఉంచండి, కారణం ఇదీ" అని రెండు ముక్కలు రాసి ఉండాల్సింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే మాట కాగితం మీదికి రావాలని ఆయన పట్టుబట్టింది ఇక్కడ ఉండగానే. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్ళం, గుంట అమ్మాయిగా మారిపోతుంటే చూస్తూ కూచోవద్దు.

ప్రూఫు అడక్కపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. మన వైపు అక్కను అప్ప అంటాం కదా. నా కథ ఒకదాంట్లో "అప్ప పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మంలో కూచుంది" అని రాశాను. పత్రికలో దిద్దినాయనది అప్ప అంటే తండ్రి అనుకునే ప్రాంతమో ఏమో మరి, "నాన్న పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మంలో కూచున్నాడు" అని దిద్దారు. సరే అనుకుందాం. తర్వాతి పేరాలో ఆ నాన్నే గోడవైపు తిరిగి పిల్లాడికి పాలిచ్చాడు! ఏడాదిపాటు టీ కొట్టు దగ్గర నన్ను చూసి నవ్వనివాడు లేడు. ఆ పత్రిక మీద చాన్నాళ్ళు మండిపడ్డాను. కానీ ప్రూఫు పంపమంటారా అని కార్డు రాస్తే, అక్కర్లేదు అచ్చు వేసెయ్యండి అని జవాబిచ్చింది నేనే.

ఇప్పుడు నీ రాతప్రతిలో నేను ఎర్రసిరాతో గుర్తుపెట్టినవి చూడు. "అమ్మ మేడలో పసుపుతాడు ఒక్కటే మిగిలింది." "చెల్లి అమ్మ ఓడిలో నిద్రపోయింది." మెడ మేడయింది, ఒడి ఓడయింది. నువ్వు చదివింది ఒడియా మీడియం. ఆ లిపిలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు, ఒక్కొక్కటే. తెలుగు ఇంట్లో అమ్మమ్మ దగ్గర చెవితో నేర్చుకున్నావు, రాత తర్వాత వచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే నువ్వు పదిసార్లు చదివినా ఆ దీర్ఘం నీకు కనపడదు, ఎందుకంటే చదువుతున్నంతసేపూ నీ చెవిలో "మెడ" అనే వినిపిస్తూ ఉంటుంది. ఫోన్లో టైపు చేసినచోట ఇంకో వింత. "ఆవిడ కల్లు తుడుచుకుంది" అని వచ్చింది. నాకు కథలో ఉన్నట్టుండి తాటితోపు కనిపించింది. ఇక ఊరి పేరు మొదటి పేజీలో పర్లాకిమిడి, మూడో పేజీలో పారలాఖెముండి, అయిదో పేజీలో ఉత్త కిమిడి. బస్సు మాత్రం ఒకటే, పాపం.

తప్పొప్పులు దిద్దడం చిన్నపని అనుకోకు గానీ, దాన్ని మించిన ప్రమాదం ఒకటుంది. అది నా మొదటి పుస్తకంలో జరిగింది. అయిదు వందల కాపీలు సొంత డబ్బుతో వేయించాను, అచ్చుకు ముందు ఎవరికీ చూపించలేదు. ఎవరికైనా చూపిస్తే కథలోని కొత్తదనం పోతుందని ఒక పిచ్చి. అందులో పెద్దకథ 1925లో జరుగుతుంది. కథానాయకుడు అర్ధరాత్రి గునుపూరు స్టేషన్లో బండి దిగుతాడు. ప్లాట్‌ఫాం మీద లాంతరు, చలి, బెంచీ మీద ముసుగు తన్నిన మనిషి, ఆ మనిషే ఇరవయ్యేళ్ళ కిందట ఇల్లు విడిచి వెళ్ళిపోయిన అన్న. కథంతా ఆ బెంచీ మీదే నడుస్తుంది. పుస్తకం చదివినవాళ్ళు బాగుందన్నారు. నేను నమ్మాను.

మూణ్ణెల్లయ్యాక, రిటైరైన రైల్వే గార్డు ఒకాయన టీ కొట్టు దగ్గర నా పక్కన కూచుని, గ్లాసు కింద పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు. "మాస్టారూ, ఆ కథ 1925 అన్నారు. నౌపడ నుంచి మనూరికి బండి 1900లోనే వచ్చింది నిజమే. గునుపూరు దాకా లైను వెళ్ళింది 31లో కదండీ. మరి ఆయన ఎందులో దిగాడు?" నా దగ్గర జవాబు లేదు. స్టేషనే లేని ఊళ్ళో ప్లాట్‌ఫాం, లాంతరు, బెంచీ, బెంచీ మీద అన్న. అన్నీ ఒక్కసారి గాల్లో కలిసిపోయాయి. (నువ్వు పుట్టాక చూసింది బ్రాడ్‌గేజీ. అది 2011 నాటిది. మా కాలంలో నడిచింది ఆ చిన్నబండి, పరిగెత్తి ఎక్కేవాళ్ళం.) ఆయన దగ్గరికి ఆ రాతప్రతి మూణ్ణెల్ల ముందు తీసుకెళ్ళి ఉంటే, ఒక్క టీ ఖర్చుతో పోయేది. అచ్చయ్యాక ఏం చేస్తాం? 1925ని 1935గా మార్చి, మిగిలిన కాపీలన్నిటిలో పెన్నుతో దిద్దుతూ కూచున్నాను. అన్నగారి వయసులు మళ్ళీ కుదరలేదు, అది వేరే సంగతి.

నీ కథలోనూ ఇలాంటిదే ఒకటుంది, పత్రికవాళ్ళకు అందలేదు. కథ జరిగేది 1985లో. "గజపతి జిల్లా సరిహద్దు దాటగానే" అని రాశావు. ఆ జిల్లా పుట్టింది 1992లో. నీ కథనాటికి పర్లాకిమిడి గంజాం జిల్లా, మీ గునుపూరు కొరాపుట్ జిల్లా. అందుకే నీకు ఇద్దరు కావాలంటాను. మన ప్రాంతం ఏమీ తెలియనివాళ్ళొకరు. నువ్వు మనసులో అనుకుని కాగితం మీద పెట్టనిది వాళ్ళకు అర్థం కాదు, అర్థం కాలేదని చెబుతారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళొకరు. నువ్వు కాగితం మీద పెట్టిన అబద్ధాన్ని వాళ్ళు పట్టుకుంటారు. "సూపర్" అని మెసేజ్ పెట్టే స్నేహితులు ఈ రెండు పనులకూ పనికిరారు, వాళ్ళను పుస్తకం కొనడానికి ఉంచుకో.

విజయనగరం గురజాడ వారు 1897లో కన్యాశుల్కం అచ్చు వేయించారు. 1909లో మళ్ళీ వేయించేటప్పుడు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశారు. మనం ఇవాళ చదువుకునేది ఆ రెండోదే. పన్నెండేళ్ళు పోతే మన రాత మనకే పరాయివాళ్ళ రాతలా కనిపిస్తుంది, అప్పుడు లోపాలు వాటంతటవే బయటపడతాయి. నీకూ నాకూ అంత ఓపిక లేదు కాబట్టి పరాయి కళ్ళు అరువు తెచ్చుకుంటున్నాం.

ఇచ్చేటప్పుడు మాత్రం వివరించకు. "ఇక్కడ నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టావంటే అవతలివాళ్ళు చదివేది నీ మాటల్ని, నీ కథను కాదు. వీలైతే గట్టిగా చదివి వినిపించు, వింటున్నవాళ్ళ చెయ్యి ఫోన్ వైపు ఏ వాక్యం దగ్గర వెళ్ళిందో గుర్తుపెట్టుకో. దిద్దమని చెప్పినవన్నీ దిద్దక్కర్లేదు. వాళ్ళు చెప్పే మందు చాలాసార్లు పనిచేయదు, నొప్పి ఎక్కడుందో మాత్రం సరిగ్గానే పట్టుకుంటారు. చెప్పిన రోజు ఏమీ మార్చకు, ఏమీ వాదించకు. రెండు రాత్రులు నిద్రపో.

ఇంకొకటి. నీ కథ మా ఆవిడ కూడా చదివింది. ఆవిడ కథలు చదవదు, పంచాంగం, పెళ్ళి శుభలేఖలు చదువుతుంది. నీ కథ కూడా శుభలేఖ చదివినట్టే వేలు పెట్టి చదివి, కాగితాలు నా ఒళ్ళో పడేసి ఒక్క మాట అడిగింది. "రెండో పేజీలో షావుకారు దగ్గర తాకట్టు పెట్టిన కమ్మలు, ఆరో పేజీలో పెళ్ళిపందిట్లో పెట్రోమాక్సు వెలుగుకు మెరుస్తున్నాయేంటి?"

పత్రికవాళ్ళు చూళ్ళేదు. ఎర్రసిరా పట్టుకుని రెండుసార్లు చదివిన నేనూ చూళ్ళేదు. నువ్వు పొరపాటున రాసి ఉంటే ఒక వాక్యం కొట్టేస్తే సరిపోతుంది. కానీ ఇది మీ అమ్మమ్మ కథేనని ఉత్తరంలో రాశావు. కొట్టేసే ముందు ఆవిణ్ణి అడుగు. విడిపించిందా? పెద్దగుంట పరీక్ష ఫీజుకే డబ్బు లేనిది, విడిపించడానికి ఎక్కడ తెచ్చింది? లేక పెళ్ళికి మెడ బోసిగా, చెవులు బోసిగా వెళ్ళలేక మౌసీ కమ్మలు అడిగి పెట్టుకుందా? ఆవిడ ఏం చెప్పిందో రాసుకుని, కాగితాలు తీసుకుని ఆదివారం బండికి రా. మా ఆవిడ రోజూ అడుగుతోంది.

ఆశీస్సులతో,
మాస్టారు