స్పితి చలికి బోరు నీళ్లు పనికిరావు

ప్రశ్న: జనవరిలో మా డీజిల్ కారులో సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి వెళ్లాలనుకుంటున్నాం. ఇన్నాళ్లూ రేడియేటర్‌లో బోరు నీళ్లే పోశాం. వాటిని వదిలేసి రెడీమిక్స్ కూలెంట్ పోయిస్తే చాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదండీ. అడుగున డ్రెయిన్ తిప్పితే వచ్చేవి చాలావరకు రేడియేటర్‌లోని నీళ్లే. ఇంజిన్ బ్లాకులో, క్యాబిన్ హీటర్‌లో ఉన్నవి కదలవు. మీ బండి 6 లీటర్లు పడుతుందనుకుందాం (అసలు లెక్క మాన్యువల్‌లో ఉంటుంది). 3.5 లీటర్లు బయటికొస్తే లోపల ఇంకా 2.5 లీటర్లు ఉన్నట్టు. దాని మీద సగం నీళ్లే ఉన్న రెడీమిక్స్ పోస్తే గ్లైకాల్ (కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే ద్రవం) మొత్తం 1.75 లీటర్లు, అంటే 29 శాతం. అది మైనస్ 15 దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. స్పితిలోని కాజాలో జనవరి రాత్రులు మైనస్ 20 కూడా దాటుతాయి.

అందుకే నీళ్లు కలపని కూలెంట్, మాన్యువల్ చెప్పిన రకం కొనండి. ముందు లోపల కడగాలి. చల్లారిన ఇంజిన్ నుంచి పాత నీళ్లు వదిలి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, కింది హోస్ వేడెక్కేదాకా నడపండి. చల్లారాక వదిలేయండి. తేటగా వచ్చేదాకా ఇదే పని. చివరిసారి వదిలిన నీళ్లు కొలవండి, కూలెంట్‌కు 3 లీటర్ల చోటైనా ఉండాలి. తర్వాత 3 లీటర్ల కూలెంట్ పోసి, మిగిలిన చోటు డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. ఇప్పుడు సగానికి సగం, మైనస్ 37 దాకా భయం లేదు. హీటర్ వేసి ఇంజిన్ నడిపి గాలి బుడగలు పోనిచ్చి, చల్లారాక మట్టం చూసుకోండి.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. నీళ్లు లేని ఎథిలీన్ గ్లైకాల్ మైనస్ 13కే గడ్డకడుతుంది, వేడినీ నీళ్లంత బాగా లాగదు. 60 శాతం దాటకండి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, బ్లాకు పగులుతుంది. బ్లాకు పక్కనుండే గుండ్రటి బిళ్లలు ఊడి కాపాడతాయని కొందరి ధీమా. అవి పోత పోసేటప్పుడు ఇసుక తీసిన రంధ్రాలకు మూతలు, అంతే. మోసం చేసేది సగం గడ్డకట్టిన బురద మంచు: బండి స్టార్టవుతుంది, రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, అంత చలిలోనూ టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతుంది. వెంటనే ఆపేయండి. మరిగే నీళ్లు మాత్రం కుమ్మరించకండి, లోహం చిట్లుతుంది. గాలి తగలని షెడ్డులో మెల్లగా కరగనివ్వండి.

ప్రశ్న: టెక్సాస్‌లో వాడిన కారుతో మిన్నెసోటా మారాం. కూలెంట్ గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. మార్చాలా?
- ఒక పాఠకురాలు, మినియాపొలిస్

జవాబు: రంగు చూసి ఏమీ చెప్పలేం, దానికి అన్ని కంపెనీలూ పాటించే పద్ధతి లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్క చుక్క రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ ఎంత చలికి గడ్డకడుతుందో చూపే పరికరం) మీద వేయించండి. ఎథిలీన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లకు వేర్వేరు స్కేళ్లుంటాయి, సరైనది చదవాలి. మీ ఊరికి మైనస్ 34 సెల్సియస్ కన్నా కిందే చూపించాలి. మార్చాల్సి వస్తే పాతది మురుగులోకి వదలకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి.