అంటు కొనేముందు వేరుమూలం ఏదో అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

తోటలో ఏ రకం వేయాలో తేల్చుకున్నావు, బాగుంది. దాన్ని ఏ వేరుమూలం (అంటుకు అడుగున వేళ్లిచ్చే మొక్క, రూట్‌స్టాక్) మీద కట్టారో మాత్రం ఇంకా అడగలేదు. కాయ కోసి నిల్వపెట్టి అమ్మాలనుకునేవాడు ముందు తేల్చుకోవాల్సింది అదే. కాయలో ఉన్న నాణ్యతను కోల్డ్ స్టోరేజీ కాపాడుతుందే గానీ లేనిదాన్ని తెచ్చిపెట్టదు.

బత్తాయినే చూడు. జంబేరి అనే నిమ్మజాతి వేరుమూలం మీద కట్టిన చెట్టు ఏపుగా పెరుగుతుంది, కాయ పెద్దది. కానీ తొక్క మందం, రసంలో తీపీ పులుపూ రెండూ పలచన. కోత ఆలస్యమైతే తొడిమ వైపు తొనల్లో రసం ఇంకిపోయి, లోపల తెల్లగా గట్టిపడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తేనే తెలుస్తుంది. ట్రైఫోలియేట్ అనే మూడాకుల నారింజ వేరుమూలం మీద కాయ చిన్నదైనా రసం చిక్కన. అయితే సున్నం ఎక్కువున్న నేలలో దానికి ఇనుము అందక ఆకులు పసుపెక్కుతాయి. అందుకని మట్టి పరీక్ష చేయించాకే అంటు కొను.

ఆపిల్‌లో అసలు కీలకం కాల్షియం. అది వేళ్ల నుంచి నీటితోపాటే ఎక్కుతుంది. ఆకుకు చేరింది మళ్లీ కాయకు రాదు. ఏపుగా పెంచే వేరుమూలం మీద చిగుళ్లు విపరీతంగా వేసే చెట్టులో ఆ నీటిని చిగుళ్లే లాగేసుకుంటాయి. ఆ లోటు కోతనాడు కనబడదు. నిల్వలో నెలా రెండు నెలలకు, తొడిమకు ఎదురు కొసన చిన్న గుంటలు పడతాయి. తొక్క తీస్తే కింద గోధుమరంగు బెండులాంటి కండ. దీన్నే బిట్టర్ పిట్ అంటారు.

అలాగని చెట్టును పొట్టిగా ఉంచే వేరుమూలమైతే చాలనుకోకు. అలాంటి ఆపిల్ వేరుమూలమే ఎం.9; దాని మీద కాపు పలచబడితే కాయ మరీ లావెక్కి, అదే జబ్బు వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపి, ఎండ లేని పూట కాయ తడిసేలా కొట్టు. ఆకు తడిస్తే లాభం లేదు. ఎం.9 మీది కాయ ముందే పక్వానికి కూడా వస్తుంది కాబట్టి, అయోడిన్ పరీక్ష (కోసిన కాయకు అయోడిన్ పూసి, మిగిలిన పిండిపదార్థాన్ని బట్టి పక్వం చూడటం) ఒక్కో వేరుమూలానికి విడివిడిగా చేసి కోత తేదీ పెట్టుకో. కలిపి కోస్తే ముదురు కాయ ముందు మెత్తబడి, పక్కవాటినీ పండిస్తుంది.

నాటేటప్పుడు అంటు ముడి నేలకు 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. మట్టిలో మునిగితే పైకొమ్మే వేళ్లు వేస్తుంది, అప్పుడు నువ్వు ఎంచుకున్న వేరుమూలం గుణం పోయినట్టే.

కొనేముందు, అదే రకం, అదే వేరుమూలం జోడీగా ఉన్న ముదురు చెట్ల కాయలు ఓ ఇరవై తెచ్చి, నువ్వు నిల్వ ఉంచదలచినన్నాళ్లూ ఉంచి కోసి చూడు. వేరుమూలం పేరు బిల్లు మీద రాయనంటే ఆ నర్సరీలో మొక్క తీసుకోకు.