అమ్మ పెట్టె తెరిస్తే ఎందుకు లేచి వెళ్లిపోతున్నారు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. తెనాలిలో ఉద్యోగం. నాతో పనిచేసే మిత్రుడు మొన్న వేసవిలో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లి, గుండెపోటుతో అక్కడే పోయాడు. అప్పటి నుంచి రాత్రి రెండింటికల్లా మెలకువ, చెమటలు, గుండె దడ. ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్ అన్నారు. గీత రెండో అధ్యాయం కంఠస్థం చేశాను, రోజూ ప్రవచనాలు వింటాను. అయినా పక్క వీధిలో మైకులో భగవద్గీత మొదలైతే కాళ్లు వణుకుతాయి. అమ్మకు 82. ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎప్పుడు వెళ్లినా ట్రంకు పెట్టె తెరిచి, పోయాక తనకు కట్టాల్సిన చీర, దినాలకని దాచుకున్న డబ్బు చూపిస్తుంది. తట్టుకోలేక సంక్రాంతి తర్వాత వెళ్లడం మానేశాను. నాన్న పోయినప్పుడు కూడా నేను చేరేసరికి అంతా అయిపోయింది. మృత్యుభయం పోవాలంటే ఏ గ్రంథం చదవాలి? మంత్రోపదేశం తీసుకోమంటారా?

జవాబు: ఏ గ్రంథమూ వద్దు. 72 శ్లోకాలు నోటికి వచ్చిన మనిషికి ఇంకో పుస్తకం కొత్తగా ఏం చెబుతుంది? పుట్టినవాడికి చావు తప్పదని ఆ అధ్యాయం 27వ శ్లోకంలోనే ఉంది. ఆ మాట కృష్ణుడు చెబితే వల్లె వేస్తున్నారు, అమ్మ చెబితే లేచి వెళ్లిపోతున్నారు.

మైకు విని కాళ్లు వణకడంలో వింతేమీ లేదు. దిగులుపడి కూలబడ్డవాణ్ని లేపి నిలబెట్టడానికి చెప్పిన గీతను మనవాళ్లు చావింటి రికార్డు చేసి కూర్చోబెట్టారు. ఘంటసాల గొంతు వినబడగానే ‘ఎవరు పోయారు?’ అని అడగని వీధి ఉందా!

రాత్రి దడ సంగతి కూడా తేల్చుకోండి. గుండె బాగుందని చెప్పాక కూడా వస్తోందంటే ప్యానిక్ అటాక్ కావచ్చు, సైకియాట్రిస్టును కలవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక అసలు విషయం. ఆ పెట్టె తెరిచేది మిమ్మల్ని బెదిరించడానికనుకున్నారా? తలకొరివి పెట్టాల్సిన పెద్దకొడుక్కి ఆవిడ అప్పగింతలు పెడుతోంది. చీర ఎక్కడుందో మీ మరదలికి ఎప్పుడో తెలిసే ఉంటుంది. అయినా మీకే చూపించాలని ఆవిడ పట్టుదల. మీరేమో ‘ఇప్పుడెందుకమ్మా అవన్నీ’ అని మూత వేసేసి ఉంటారు. మంచాన పడితే ఎత్తాల్సింది, రాత్రిళ్లు దగ్గు వినాల్సింది తమ్ముడూ మరదలూ. మీ వంతుకు వచ్చింది ఆ పెట్టె చూడటం ఒక్కటే. అదీ చేయకపోతే ఎలా? నాకు కోపం వచ్చింది ఇక్కడే.

రమణ మహర్షి పదహారేళ్ల వయసులో, 1896లో మదురైలో మరణభయాన్ని ఎలా ఎదుర్కొన్నారో మీరు వినే ఉంటారు. శవంలా పడుకుని, చచ్చేది ఏమిటి అని విచారించుకున్నారు. నాకు అంతకన్నా ఎక్కువగా గుర్తొచ్చేది 1922 మే నెల. తల్లి అళగమ్మ అవసాన దశలో ఉంటే గంటల తరబడి పక్కనే కూర్చున్నారు. ఒక చెయ్యి ఆవిడ గుండె మీద, ఒకటి తల మీద. ఇల్లు విడిచి అరుణాచలం చేరిన మనిషి తల్లి పక్కనుంచి మాత్రం లేవలేదు. మీరు ఇల్లు వదల్లేదు గానీ అమ్మను వదిలేశారు. ఏ గురువు ఉపదేశమైనా ఆ తర్వాతే.

ఈ శనివారం ఊరికి వెళ్లండి, ఒక్కరే. మధ్యలో మాట మార్చడానికి భార్యాపిల్లలు పక్కన ఉండకూడదు. తమ్ముణ్ని, మరదల్ని ముందు కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు మాట్లాడండి, ఖర్చులో మీ వాటా ఎంతో అడగండి. అమ్మ పెట్టె తెరిస్తే కింద చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడండి. ముక్కుపుడక ఏ మనవరాలికి, చేతిగాజులు ఎవరికి, పదోరోజు ఎవరెవర్ని పిలవాలి, అన్నీ చెప్పనివ్వండి. అశుభం అనకండి. అంతా అయ్యాక నాన్నగారు పోయిన రాత్రి ఏం జరిగిందో అడగండి. ఆ రాత్రి ఆయన పక్కనున్నది ఆవిడ. ఇన్నేళ్లలో మీరు ఆ సంగతి అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.