కోడింగ్ రాకపోయినా ఫైర్‌ఫాక్స్‌కి పనిచేయొచ్చా?

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ సార్, కోడింగ్ అంతంత మాత్రమే. ఓపెన్ సోర్స్‌లో బగ్ రిపోర్టులు చూసే పని నాలాంటివాళ్లకి ఇస్తారా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎవరూ ఇవ్వక్కర్లేదమ్మా, అకౌంట్ తెరిచి మొదలెట్టడమే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లావాళ్లకి బగ్ రిపోర్టులు పెట్టే బగ్‌జిల్లా అనే సైటు ఉంది, అందులో ఫైర్‌ఫాక్స్ కింద 'అన్‌ట్రైయేజ్డ్' అనే విభాగం ఉంటుంది, ఏ టీముకి పంపాలో ఇంకా తేలని రిపోర్టులు అక్కడే పడుంటాయి. ఒకటి తీసుకుని నైట్లీ వెర్షన్‌లో (రోజూ కొత్తగా వచ్చే పరీక్ష ఫైర్‌ఫాక్స్ అది) కొత్త ప్రొఫైల్‌తో, అంటే నీ పాత సెట్టింగులూ యాడ్-ఆన్‌లూ ఏమీ లేకుండా, అదే తప్పు నీకూ వస్తుందేమో చూడు, వస్తే ఏమేం నొక్కితే వచ్చిందో వరసగా రాయి, రాకపోతే రిపోర్టు పెట్టినాయన్నే వివరం అడుగు, కొన్నిట్లో "పనిచేయట్లేదు" అని తప్ప ఇంకేం ఉండదులే. ఇదివరకే ఎవరైనా చెప్పిన బగ్గేమో కూడా వెతుకు. నిన్నమొన్నటిదాకా బాగుండి ఇప్పుడు చెడిందంటే మాత్రం మొజ్‌రిగ్రెషన్ అనే టూల్ ఉంది, పాత బిల్డులు, అంటే అప్పట్లో తయారైన ఫైర్‌ఫాక్స్ కాపీలు, ఒక్కోటీ దించి చూపిస్తూ ఎప్పట్నుంచి చెడిందో పట్టిస్తుంది, నాకైతే అన్నిట్లోకీ అదే సరదా. వేరేవాళ్ల బగ్గుల్లో స్టేటస్ మార్చే పర్మిషన్ మొదట్లో ఉండదు, అందాకా కామెంట్లు రాస్తుండు.