చుక్కల గీత ఎందుకొచ్చిందో చెప్పగలగాలి

మెకానికల్ డిప్లొమా అయ్యాక మీ అబ్బాయి రెండు నెలలు పిడిఎంఎస్ (ఫ్యాక్టరీల పైపులైన్లను 3డిలో గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూలో "రెండు ఫిట్టింగుల (పైపులను కలిపే ముక్కల) మధ్య పైపు బదులు చుక్కల గీత ఎందుకొచ్చింది?" అని అడిగితే నోరు మెదపలేకపోయాడు. ఇంకో సాఫ్ట్‌వేర్‌కు కూడా ఫీజు కట్టమంటారా అని రాశారు. వద్దండి. అబ్బాయికి కొరవడింది కమాండ్లు కాదు, జాయింట్లు.

ఈ సాఫ్ట్‌వేర్లలో రెండు వస్తువులు ఆనుకుని కనిపించినంత మాత్రాన కలిసినట్టు కాదు. ప్రతి ఫిట్టింగ్ కొసకీ సైజు, కొస రకం ముందే రాసి ఉంటాయి. అంచుకు అంచు ఆనించి వెల్డ్ చేసే బట్ వెల్డ్ కొసకు మరలున్న థ్రెడ్ కొస పొసగదు. పిడిఎంఎస్‌లో ఒక బ్రాంచికి (లైనులో ఒక భాగానికి) హెడ్, టెయిల్, అంటే మొదలు, చివర ఉంటాయి; అందులోని ఫిట్టింగులకు అరైవ్ (లైను వచ్చే), లీవ్ (లైను వెళ్లే) కొసలుంటాయి. పైపును మనం విడిగా పెట్టం. ఒకదాని లీవ్ నుంచి తర్వాతిదాని అరైవ్ దాకా దానంతటదే వస్తుంది. ఆ రెండూ ఒకే సూటిలో లేకపోతే వచ్చేదే చుక్కల గీత. లిస్టులో ఫిట్టింగుల వరుస తప్పినా లైను వెనక్కి మెలిక తిరుగుతుంది. చాలామంది ఇక్కడ ఎల్బోను (వంపు ముక్కను) చెరిపి మళ్లీ పెడతారు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ప్లాంట్ 3డి తీరు కొంచెం వేరు. ఫ్లాంజ్‌కు (బోల్టులతో బిగించే అంచుకు) ఫ్లాంజ్ కలిపితే గాస్కెట్ (మధ్యలో లీకు ఆపే పట్టీ), బోల్టులు స్పెక్‌లోంచి, అంటే ఆ లైనుకు వాడాల్సిన ముక్కల జాబితాలోంచి, వాటంతటవే వస్తాయి. స్పెక్‌లో ఆ సైజు గాస్కెట్ లేకపోతే జాయింట్ కుదరదు. అప్పుడు సరిచేయాల్సింది డ్రాయింగ్‌ను కాదు, స్పెక్‌ను.

రేటింగ్ (ఫ్లాంజ్ ఎంత ఒత్తిడికి ఆగుతుందో చెప్పే క్లాస్) మీద కూడా తప్పకుండా అడుగుతారు. 6 ఇంచుల 150 క్లాస్ ఫ్లాంజ్‌కు 8 బోల్టులు, 300 క్లాస్‌కు 12. పంపు నాజిల్ (పైపు బిగించే మూతి) 300 క్లాస్‌ది అయితే, లైన్ స్పెక్ 150 అయినా, దానికి బిగించే ఫ్లాంజ్ 300దే పెట్టాలి. స్క్రీన్ మీద మొండిగా కలిపేసినా సైటులో రంధ్రాలు కలవవు.

ఇక ఇంట్లో చేయించాల్సిన పని. 6 ఇంచుల లైనులో రెండు 90 డిగ్రీల లాంగ్ రేడియస్ ఎల్బోల మధ్య సెంటర్ టు సెంటర్ 2000 మి.మీ. అనుకోండి. ఒక్కో ఎల్బోకు సెంటర్ నుంచి కొస దాకా ఉండే 229 తీసేస్తే 1542 మిగులుతుంది. ఒక్కో వెల్డ్‌కు 3 మి.మీ. రూట్ గ్యాప్ (వెల్డ్ కోసం కొసల మధ్య వదిలే సందు) వదిలితే కోయాల్సిన పైపు 1536. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఐసోమెట్రిక్‌లో (లైను కొలతలు చూపే డ్రాయింగ్‌లో) 1542 ఉంటే లెక్క తప్పిందని కంగారుపడనక్కర్లేదు, గ్యాప్ సెట్టింగ్ పెట్టలేదన్నమాట. పైపును ఫిట్టింగ్ గుంతలోకి దించి చేసే సాకెట్ వెల్డ్‌లో ఈ లెక్క పనికిరాదు. అక్కడ కొలత సాకెట్ అడుగు నుంచి మొదలవుతుంది, పైపు లోపలికి దిగుతుంది. దించాక సుమారు 1.6 మి.మీ. వెనక్కి లాగి వెల్డ్ చేస్తారు. లేకపోతే వేడికి సాగిన పైపు అడుగును తన్ని వెల్డ్ చిట్లవచ్చు.

ఇలాంటివి నాలుగు లైన్లు చేతితో లెక్కగట్టి, పక్కన ఐసోమెట్రిక్ ప్రింట్లు పెట్టి, తర్వాతి ఇంటర్వ్యూకు ఆ కాగితాలు పట్టుకెళ్లమనండి.