రాయల్ బయోస్కోప్ ఎందుకు నిలబడలేదు?

మీరు అడిగింది: 1898లోనే కలకత్తాలో సినిమాలు తీసి చూపించే రాయల్ బయోస్కోప్ కంపెనీ పెట్టిన హీరాలాల్ సేన్, అందరికన్నా ముందు మొదలుపెట్టి కూడా ఎందుకు చితికిపోయాడు అని. చాలామంది 1917లో జరిగిన అగ్నిప్రమాదాన్ని కారణంగా చెబుతారు. నేను ఒప్పుకోను. మంటలు అంటుకునే నాటికే కంపెనీ పని అయిపోయింది. 1913 తర్వాత వాళ్ళు సినిమాలు తీయలేదు.

నాకు ఈ విషయం పుస్తకాల కన్నా ముందు మా తాతగారి వల్ల అర్థమైంది. ఆయన పశ్చిమ గోదావరిలో టూరింగ్ టాకీస్ నడిపారు. మిషను మాది, డేరా మాది, జనరేటర్ మాది. బొమ్మ మాత్రం విజయవాడ నుంచి అద్దెకు రావాలి. డేరా వేసే స్థలం ఎవరిదో. పక్క ఊళ్ళో పక్కా హాలు కట్టాక కొత్త బొమ్మ ముందు అక్కడికే పోయేది. మా దగ్గరికి వచ్చేసరికి రీలు నిండా గీతలు, అతుకులు. రెండేళ్ళలో డేరా విప్పేశాం. మిషనులో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సర్ది తెర మీద వెలుగు చెదరకుండా నిలపడంలో తాతగారి పనితనం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. కానీ జనానికి కావలసింది వానకి తడవని కప్పూ, కూర్చోడానికి కుర్చీ, కొత్త బొమ్మ. వాళ్ళ తప్పు ఏముంది?

సేన్‌ది కూడా ఇదే కథ అని నా నమ్మకం. ఆయన ముందు ఫొటోగ్రాఫర్. 1898లో స్టార్ థియేటర్‌లో స్టీవెన్‌సన్ అనే ఆయన వేసిన బయోస్కోప్ చూసి దాని మీద మోజు పడ్డాడు. లండన్ నుంచి మిషను తెప్పించి, తమ్ముడు మోతీలాల్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. జమీందార్ల ఇళ్ళలో, జాతరల్లో బొమ్మలు వేసేవారు. కలకత్తాలో అసలు ఆధారం మాత్రం అమరేంద్రనాథ్ దత్తా నడిపిన క్లాసిక్ థియేటర్ అనే నాటకశాల. అక్కడ ఆడే నాటకాల్లోని దృశ్యాలనే తీసి, అక్కడే చూపించేవాడు. 1903లో ఆలీబాబా నాటకాన్ని తీశాడు. జబాకుసుమ్ తలనూనెకు ప్రకటన చిత్రం తీశాడు. 1905లో టౌన్ హాల్ దగ్గర వంగ విభజనకు వ్యతిరేకంగా జరిగిన సభనూ కెమెరాకెక్కించాడు. వీధిలో జరుగుతున్నదాన్ని అలా పట్టుకోవాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎంతమందికి వచ్చి ఉంటుంది! ఆయన మీద నాకున్న గౌరవంలో సగం దానికే.

అయితే ఆయన సొంతంగా హాలు కట్టుకోలేదు. అక్కడే దెబ్బ తిన్నాడు. అదే ఊళ్ళో బొమ్మలాడించిన జంషెడ్జీ ఫ్రామ్జీ మదన్ కూడా 1902లో కలకత్తా మైదానంలో డేరాతోనే మొదలుపెట్టాడు. కానీ ఆయన వెనక వ్యాపారం ఉంది, పెట్టుబడి ఉంది. 1907లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ కట్టాడు, ఆ తర్వాత హాళ్ళు పెంచుకుంటూ పోయాడు. విదేశీ బొమ్మలు తెప్పించి తన హాళ్ళలోనే ఆడించుకున్నాడు. పక్కా హాలు ఉన్నవాడికి రోజూ టికెట్ డబ్బు వస్తుంది. పిలిచిన చోటికి వెళ్ళి బొమ్మ వేసేవాడికి పిలుపు ఉన్ననాడే కూలి. మా తాతగారి చిట్టా పుస్తకంలో వానాకాలం పేజీలు చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది, ఒక్కో నెల ఒక్క అంకె కూడా లేదు.

దాని మీద అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు, డబ్బుకు కటకట, చివరికి హీరాలాల్‌కి క్యాన్సర్. 1917లో ఆయన పోవడానికి కొద్దిగా ముందు ఆ మంటల్లో ఫిల్ములన్నీ కాలిపోయాయి. అప్పటి ఫిల్ము నైట్రేట్ అనే తేలిగ్గా మండే పదార్థంతో చేసింది, అంటుకుంటే ఆర్పడం అసాధ్యం. ఆలీబాబా రీలు ఒక్కటైనా మిగిలి ఉంటే, 1913 నాటి రాజా హరిశ్చంద్రతో కథ మొదలుపెట్టే మన సినిమా చరిత్రలో ఈయనకి ఇంకా పెద్ద చోటు దొరికేది. ఇవాళ ఆయన తీసిన వాటి పేర్లయినా తెలుస్తున్నాయంటే చాలావరకు ఆనాటి పత్రికల్లో వేసిన ప్రకటనల పుణ్యమే.