మామగారు పెట్టే వాచీకి మీరు ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: నా వయసు 28. ఒంగోలులో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 42,000 చేతికొస్తుంది. మాఘమాసంలో పెళ్ళి. అమ్మాయి వాళ్లది కొండపి దగ్గర పల్లె, పొగాకు రైతులు. ‘వాచీ మేం పెడతాం, లక్ష దాకా నీకు నచ్చింది చూసుకో బాబూ’ అన్నారు మామగారు. నాకు నచ్చిన స్విస్ ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా చేతి కదలికకే నడిచే వాచీ) 1,75,000. మిగతా 75,000 నేను 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో కట్టుకుందామని ఉంది. వాచీ ఖర్చు కాదు, పెట్టుబడి, ఏటా ధర పెరుగుతుందని షాపతనూ, నా ఫ్రెండూ అంటున్నారు. తీసుకోమంటారా? నాకున్న పొదుపల్లా నెలకు 5,000 చీటీ ఒక్కటే.

జవాబు: ముందు ఆ ‘పెట్టుబడి’ సంగతి తేల్చుకుందాం. ఆ మాటన్న షాపతన్నే అడిగి చూడండి: ‘ఇదే వాచీ ఏడాది తర్వాత పెట్టెతో సహా తెస్తాను, ఎంతకి తీసుకుంటారు?’ అని. జవాబు బదులు నవ్వొస్తుంది. బంగారం కొట్లో అదే ప్రశ్న వేస్తే కాటా మీద పెట్టి, తరుగు తీసి, ఆ రోజు రేటు కట్టి లెక్క చెప్పేస్తారు. తేడా అక్కడుంది.

నా అనుభవం కూడా చెబుతాను. 2012లో మొదటి బోనసు రాగానే 38,000 పెట్టి ఒక వాచీ కొన్నాను. కొన్నేళ్లు పోయాక డబ్బు అవసరమై అమ్మబోతే, కొనే అతను దాన్ని వెనక్కి తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, అద్దం మీద గీతను గోటితో గీకాడు. ‘పెట్టె, గ్యారంటీ కార్డు ఉన్నాయా?’ అన్నాడు. పెట్టె ఉంది, కార్డు లేదు. తొమ్మిది వేలన్నాడు. అమ్మలేదు లెండి, ఇప్పుడూ నా చేతికే ఉంది.

కొన్ని రోలెక్సులు, పటెక్ ఫిలిప్‌లు షోరూము ధరకన్నా ఎక్కువకు చేతులు మారే మాట నిజమే. వాటికైనా 2022లో ఆకాశానికెక్కిన సెకండ్‌హ్యాండ్ ధరలు ఆ తర్వాత బాగానే దిగాయి. మీరు చూస్తున్న లక్షన్నర, రెండు లక్షల తరగతికి ఆ యోగం లేదు. పైగా స్విట్జర్లాండ్ ఉన్న కూటమితో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా ఎత్తేస్తారు. సుంకం తగ్గుతూ పోయే సరుకును ‘ధర పెరుగుతుంది’ అని ఇప్పుడు కొనడమేంటి?

ఇక ఈఎంఐ. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, ఆ వడ్డీని ముందే డిస్కౌంటుగా చూపిస్తారంతే. నెలకు 6,250 చొప్పున 75,000 కడతారనుకోండి. క్రెడిట్ కార్డు వడ్డీ 15 శాతమైతే అందులో 5,750 దాకా వడ్డీయే ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ జేబులోంచే పోతుంది, అదొక వెయ్యి పైన. ప్రాసెసింగ్ ఫీజు వేరే. రొక్కంగా కొంటే బేరమాడి తగ్గించుకునే అవకాశం కూడా పోతుంది. అసలు బాధ ఇవన్నీ కాదు. పెళ్ళయిన మరుసటి నెలలో ఇంటి అడ్వాన్సు, గ్యాస్ కనెక్షను, మంచం, ఫ్రిజ్ అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. చేతిలో మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము లేనివాళ్లు జీతంలో ఏడో వంతు వాచీకి రాసిచ్చేస్తే, మొదట ఆగేది చీటీయే.

మామగారి విషయం కూడా ఒకసారి ఆలోచించండి. మాఘమాసానికి పొగాకు ఇంకా బ్యారన్ల (ఆకును కాల్చి ఆరబెట్టే కొట్టాల) దగ్గరే ఉంటుంది. బేళ్లు పొగాకు బోర్డుకెళ్లి, వేలంలో రేటు పలికితేనే ఆయనకు డబ్బు. ఎవరూ పాడక నోబిడ్ అయిన బేలు మళ్లీ ఇంటికే. అంటే మీ వాచీకి ఆ లక్ష బహుశా అప్పు చేసి తెస్తారు. ఆయన మనస్ఫూర్తిగా పెట్టేదానికి అభ్యంతరం లేదు, పెళ్ళిలో వచ్చిన కానుక మీద మీకు ఆదాయపు పన్నూ ఉండదు. కానీ ‘ఫలానా మోడలే కావాలి’ అన్న మాట మీ వైపు నుంచి వెళ్లిందంటే అది కానుక కాదు, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కిందికొచ్చే వ్యవహారం. అడగకుండా ఇచ్చిన వాటికి కూడా జాబితా రాసి పెట్టుకోవాలని ఆ చట్టమే చెబుతుంది. రాసుకోండి, తప్పేం లేదు.

మీకు వాచీలంటే ఇష్టమని తెలుస్తూనే ఉంది, ఆ ఇష్టాన్ని నేను తీసిపారేయను. మగవాడి ఒంటి మీద నగలేముంటాయి, ఉంగరం, వాచీ. పాతిక, ముప్ఫై వేలలో సీకో, సిటిజన్, టైటాన్ ఆటోమేటిక్‌లు ముచ్చటైనవి దొరుకుతాయి. లక్ష బడ్జెట్‌లో మిగిలేది అమ్మాయి పేరు మీదే బంగారమో, బ్యాంకు డిపాజిట్టో చేయమని మామగారికి మీరే చెప్పండి. ఆటోమేటిక్ అంటే నిలువుటద్దం ముందు మురిసిపోవడానికే సుమా. రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంది, రెండు రోజులు పెట్టుకోకపోతే చాలావరకు ఆగిపోతాయి. మూడు వేల బ్యాటరీ వాచీ అంతకన్నా కచ్చితంగా టైము చూపిస్తుంది. నాలుగైదేళ్లకోసారి ఆటోమేటిక్‌కి సర్వీసు తప్పదు. స్విస్‌దైతే ఆ బిల్లే వేలల్లో వస్తుంది, వాచీ ఏ చెన్నైకో హైదరాబాదుకో వెళ్లి రావాలి.

సైజు చూసుకోండి. మీది సన్నపాటి చెయ్యి అయితే 38, 40 మిల్లీమీటర్ల డయల్ చాలు. పెద్ద డయల్ పెడితే జీలకర్ర బెల్లం పెట్టే ఫొటోలో వాచీ తప్ప చెయ్యి కనిపించదు. మన ఒంగోలు ఉక్కకు తోలు బెల్టు ఒక్క వేసవికే వాసనొస్తుంది, అందుకని చైను వాచీ తీసుకుని, ఆఫీసుకు మీ బూట్ల రంగుకు కలిసే తోలు బెల్టు ఒకటి విడిగా ఉంచుకోండి. చైను చేతికి సరిచేసేటప్పుడు తీసేసిన లింకులు షాపులో వదిలేయకండి, అడిగి తెచ్చుకుని పెట్టెలో వేసుకోండి. అత్తగారింటి భోజనాలు మొదలయ్యాక ఏడాదిలోపే వాటితో పనిబడుతుంది.